కిల్లి దంపతుల నగర విహారం

1. జూన్ 3, మంగళవారం

ఆఫీసులో రాసే దినచర్యను సాయంత్రం ఐదింటికల్లా సయోధ్య చదివేస్తుంది. సయోధ్య అంటే మా శాఖను నడిపే యంత్రం. నా వాక్యాలలో ఉత్సాహం తక్కువైన చోట ఆశ్చర్యార్థకాలు చేర్చి పైకి పంపుతుంది. అందుకని ఈ కాగితం పుస్తకం కొనుక్కున్నాను. ఇందులో నా ఉత్సాహం సంగతి నేనే చూసుకుంటాను.

నా పేరు గొర్లె మంగవేణి. కొత్తరేవు నగరంలో జంట విహార శాఖలో ప్రణాళికాధికారిని. బయటి ఊళ్ళలో కాపురమున్న ప్రతి జంటా ఏడాదికొకసారి నగరానికి వచ్చి, రెండు రోజులు ప్రేమగా గడిపి వెళ్ళాలి. ఎక్కడ తిరగాలో, ఏ బెంచీ మీద కూర్చోవాలో, ఒకరి కళ్ళలోకి ఒకరు ఎంతసేపు చూసుకోవాలో నేను రాసిస్తాను. పదకొండు నిమిషాలు చూసుకోవాలి. పన్నెండయితే కళ్ళు నీళ్ళు కారతాయి, మాటా చూపూ లెక్కపెట్టే చేతి ఉంగరం దాన్ని దుఃఖం కింద జమ కడుతుంది. తొమ్మిదేళ్ళలో పదకొండు వందల నలభై జంటలకు ప్రణాళిక రాశాను. ఒక్క జంటా తప్పలేదు.

ఈ రోజు వచ్చిన ఫైలు కిల్లి వారిది. కిల్లి లచ్చుమయ్య, అరవై మూడేళ్ళు, పడవ ఇంజన్ల మెకానిక్కు. కిల్లి సూరమ్మ, యాభై ఎనిమిది. ఊరు మెరకవలస, ఇక్కడికి రైల్లో గంట ప్రయాణం. పెళ్ళయి ముప్ఫై ఆరేళ్ళు. మూడేళ్ళ కిందట వీళ్ళ అనురాగాంకం, అంటే ప్రేమకు నూటికి వేసే మార్కు, 71. ఆ మరుసటేడు 33కి పడిపోయింది. నిరుడు 31. నలభైకి తక్కువగా వరసగా మూడేళ్ళు వస్తే జంట ఇల్లు రద్దవుతుంది. ఇద్దరినీ నగరానికి తెచ్చి, చెరో బ్లాకులో ఒంటరి గదులిస్తారు. ఇది వాళ్ళకు మూడో ఏడాది.

మా విభాగాధిపతి అనంతశయనం గారు ఫైలు నా బల్ల మీద పెడుతూ, "మీ చేతిలో పడితే గోడా తలుపూ కూడా ప్రేమించుకుంటాయి, మంగవేణి గారూ! మీ ఇంట్లోనే 92 ఉంది కదా" అన్నారు.

నిజమే, మా ఆయనకీ నాకూ 92 ఉంది. పైడిరాజు ఉప్పునీటి శుద్ధి ప్లాంటులో రెండో షిఫ్టు. నేను ఇల్లు చేరేసరికి ఆయన బయలుదేరి ఉంటాడు. ఆదివారం ఇంట్లోనే ఉంటాడు కాని నిద్రపోతాడు. అయితే రోజుకు నాలుగు సందేశాలు పంపుతాడు. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది: "నీ నవ్వు గుర్తొచ్చి పంపు కట్టెయ్యడం మరిచిపోయాను." నా జవాబులు మాత్రం మాటసాయం అనే సేవ రాసిపెడుతుంది. ఈ సంగతి ఆయనకు తెలియదు. ప్రేమలేఖలు కుదరని మనిషిని నేను. ఆఫీసులో రాసీ రాసీ ఇంటికొచ్చేసరికి ఏమీ మిగలదు.

2. జూన్ 9, సోమవారం

కిల్లి దంపతులు ఉదయం ఏడింటి రైలుకు దిగారు. మూడో ఏడాది జంటల వెంట ప్రణాళికాధికారి స్వయంగా నడవాలని నియమం. రైలు దిగుతున్నప్పుడే సూరమ్మ గొంతు ప్లాట్‌ఫారమంతా వినిపించింది.

"మెట్టుంది, మెట్టు! కాలు తీసి ఎయ్యి. ఇంకా కిందకి. నీకు సెప్పి సెప్పి నా నోరు పడిపోతంది."

"నాకు తెల్దేటి? నోరు ముయ్యి" అన్నాడు లచ్చుమయ్య.

ఇద్దరి ఉంగరాలూ ఎర్రబడ్డాయి. కఠిన వాక్యాలు, రెండు. విహారం మొదలుకాక ముందే మూడంకాలు పోయాయి.

నా ప్రణాళికలో లోపం లేదు. ముందు రేవు మీదుగా, తీగకు వేలాడుతూ పోయే తీగబండి ప్రయాణం, తర్వాత గులాబీల దారిలో చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడక, తర్వాత సముద్రానికి ఎదురుగా భోజనం. తీగబండి ఎక్కేటప్పుడు, "తల వొంచు, నీ బుర్ర బద్దలైపోగల్దు" అంది సూరమ్మ. గులాబీల దారిలో, "ఎడం పక్కకి రా, ముళ్ళున్నాయి, అటేటి పోతావు గేదెలాగ" అంది. భోజనం దగ్గర, "గ్లాసు కుడి పక్కనుంది, తగలెయ్యకు. చేపలో ముల్లుంది, తీసీసినాను, తిను" అంది. ముల్లు తీసి పెట్టినందుకు అర అంకం పెరుగుతుందేమోనని చూశాను. పెరగలేదు. "తగలెయ్యకు" దాన్ని మింగేసింది.

కళ్ళలోకి చూసుకునే పదకొండు నిమిషాలలో లచ్చుమయ్య భార్య చెవి వైపు చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నానికి అంకం 22. ఇక లాభం లేదని సూరమ్మను పక్కకు పిలిచి, "అమ్మా, ఒక్క గంట ఏమీ మాట్లాడకండి. మౌనానికి అంకం తగ్గదు" అన్నాను.

ఆమె నా వైపు అదోలా చూసింది. "ఒక్క మాటా అనకూడదా?"

"ఒక్క మాటా."

"సరే. మీ ఇష్టం."

ఉద్యానవనంలో ముగ్గురం మౌనంగా నడిచాం. నాలుగో నిమిషంలో లచ్చుమయ్య నేరుగా వెళ్ళి రాతి బెంచీని కొట్టుకుని పడిపోయాడు. మోకాలు చీరుకుపోయి రక్తం కారింది. ఆ బెంచీ తెల్లది, మంచమంత ఉంది. మిట్టమధ్యాహ్నం. చూపున్నవాడు దాన్ని కొట్టుకోడు.

కట్టు కట్టించాక, చేతులు కడుక్కునే చోట సూరమ్మ నా చెయ్యి పట్టుకుంది. అప్పటిదాకా తగ్గించని గొంతు తగ్గించింది.

"మా మడిసికి కళ్ళు కనిపించవమ్మా. రెండేళ్ళు దాటింది. మబ్బు మబ్బుగా ఎలుగు తెలుస్తాది, అంతే. నాను ముందు నడుత్తూ సెప్తుంటాను, ఆడు నడుస్తాడు. నెమ్మదిగా సెప్తే సిగ్గుపడతాడు. నలుగురూ ఇంటే గుడ్డోడని తెలిసిపోద్దని. తిట్టినట్టు సెప్తే గొడవ పడుతున్నామనుకుంటారు, ఎవులికీ అనుమానం రాదు."

"డాక్టరుకు చూపించలేదా?"

"సూపిస్తే సంరచ్చణ గృహం రాసెత్తారు. మా ఎదురింటి ముసిలాయన్ని అలాగే కొండ మీదకి తీసుకుపోయినారు. ఆయన పెళ్ళానికి నెలకొక్కసారి అరగంట సూడనిస్తారు. మీరు ఎక్కడా రాయకండమ్మా."

రాయనన్నాను. ఇక్కడ రాస్తున్నాను కాని, ఈ పుస్తకం ఎవరూ చదవరు.

3. జూన్ 10, మంగళవారం

రెండో రోజు పూర్తయ్యింది. తుది అంకం 29.

అసలు కారణం నివేదికలో రాస్తే తిట్లన్నీ మాఫీ అవుతాయి, లచ్చుమయ్య కొండ మీదకు పోతాడు. రాయకపోతే ఇద్దరూ చెరో గదికి పోతారు. మధ్యాహ్నమంతా నియమావళి తిరగేశాను. నూట పదో పేజీలో దొరికింది: ప్రణాళికాధికారి కారణం చెప్పకుండానే తన సొంత పూచీ మీద ఒక జంటకు ఏడాది గడువు ఇప్పించవచ్చు.

అనంతశయనం గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన నియమాన్ని రెండుసార్లు చదివి, కింద చిన్న అక్షరాల మీద వేలు పెట్టారు.

"పూచీ ఇచ్చేవారు ప్రత్యక్ష విహారంలో 70 దాటి ఉండాలండి. నగరం వాళ్ళకు విహారం తప్పనిసరి కాదు కదా, మీ 92 సందేశాల మీద వచ్చిన అంకం. మీరు అసలు ఎప్పుడైనా విహారానికి వెళ్ళారా?"

"నేనా? తీరిక ఎక్కడిదండీ?"

"అయితే వెళ్ళిరండి. మీకేముంది! ఆదివారం సాయంత్రంలోగా అంకం నా బల్ల మీద ఉంటే, సోమవారం సంతకం పెడతాను."

పైడిరాజుకు సందేశం పంపాను. నిమిషంలో జవాబు వచ్చింది: "నీతో రెండు రోజులా? రెండు జన్మలకు సరిపడా వసంతం!"

4. జూన్ 13, శుక్రవారం

పొద్దున్న నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే పైడిరాజు కళ్ళు నులుముకుంటూ గుమ్మం దగ్గరికొచ్చి, "ఏటి, రేపు నిజంగా ఎళ్ళాలా?" అని అడిగాడు.

"వసంతం అన్నారు కదా?"

"ఎవరు?" అన్నాడు. తర్వాత, "ఆఁ, ఆఁ. ఎల్దాం" అన్నాడు.

నిద్రమత్తు అనుకున్నాను.

5. జూన్ 15, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న ఉదయం తీగబండి ఎక్కాం. కింద రేవులో ఓడలు, మీద ఎండ, అంతా నేను రాసినట్టే ఉంది. నా ప్రణాళిక ప్రకారం మొదటి పావుగంట "పరస్పరం మెచ్చుకోలు". పైడిరాజు చాలాసేపు ఆలోచించి, "చీర బాగుంది" అన్నాడు. నేను, "మీ చొక్కా కూడా" అన్నాను. మిగిలిన పదమూడు నిమిషాలూ ఓడలు లెక్కపెట్టాం. పదకొండు వందల నలభై జంటలను ఆ పెట్టెలో కూర్చోబెట్టిన మనిషిని నేను. అది అంత చిన్న పెట్టె అని ఎప్పుడూ తెలియలేదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత కళ్ళలోకి చూసుకోవాలి. నాలుగు నిమిషాలు బాగానే గడిచాయి. ఉంగరాలు నీలంగా ఉన్నాయి, అంకం 74. ఇంకో ఏడు నిమిషాలు నోరు మెదపకుండా ఉంటే కిల్లి వారి ఇల్లు నిలబడేది.

"నీ కనుబొమ మీద ఈ గాటు ఎప్పటిది?" అన్నాడు పైడిరాజు.

"మూడేళ్ళయింది. బీరువా తలుపు తగిలింది. నాలుగు కుట్లు పడ్డాయి."

"నాకు సెప్పలేదే?"

"సందేశం పెట్టాను."

"నేనేం రాశాను?"

"'ఆ దెబ్బ నాకు తగిలినా బాగుండేది' అని రాశారు. ఆసుపత్రి వరండాలో కూర్చుని అది చదివి ఏడ్చాను."

ఆయన చూపు తిప్పేశాడు. నియమం ప్రకారం తిప్పకూడదు. రెండంకాలు పోయాయి.

"అది నేను రాయలేదు, వేణీ."

"మరి?"

"మాటసాయం. ఆరేళ్ళనించి అదే రాస్తంది. నా చేతులెప్పుడూ ఉప్పులోనే ఉంటాయి. ముప్ఫై రెండు పంపులు. మొదట్లో నేనే రాసేవాణ్ణి. 'అన్నం తిన్నావా' అని రాస్తే రెండంకాలొచ్చేవి. అది రాస్తే తొమ్మిదొచ్చేవి. నీకూ అదే నచ్చుతుందనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే కుట్లు పడ్డాయని పెట్టిన ఆ సందేశం ఆ ఏడాది మొత్తంలో నేను నా చేత్తో రాసింది ఒక్కటే.

"ఒక్కసారైనా చదవలేదా? నాలుగు కుట్లు పడ్డాయని ఉంటే ఒక్కసారైనా నా మొహం చూడాలనిపించలేదా? నీకు ముప్ఫై రెండు పంపుల మీదున్న ధ్యాస నా మీద లేదు!" అన్నాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన్ని మొదటిసారి నువ్వన్నాను.

"ఆ ఒక్కటీ నువ్వే రాశావంటున్నావు. మరి మిగతావన్నీ ఎవరు రాశారు?" అన్నాడు పైడిరాజు.

నేను గ్లాసులో నీళ్ళు పోసుకున్నాను. దాంతోనే ఆయనకు తెలిసిపోయింది.

"ఓహో" అన్నాడు. "నీ ఊపిరే నా శ్వాస అన్నది కూడానా? అది నేను ప్లాంటులో అందరికీ చూపించాను."

అక్కడినుంచి సాయంత్రం దాకా పోట్లాడుకున్నాం. గులాబీల దారిలో పోట్లాడుకున్నాం. దీపాల వంతెన మీద ఆగి మరీ పోట్లాడుకున్నాం. పెళ్ళిచూపుల్లో ఆయన పిన్ని అన్న మాట నుంచి మొదలుపెట్టి, నిరుడు మామిడికాయ పచ్చడి జాడీ ఎవరు పగలగొట్టారన్న దాకా వచ్చాం. మా వెనక జంట తమ ఉంగరాలకు మా మాటలు తగులుతాయేమోనని దూరం జరిగింది. ఈ రోజు కూడా అదే పని. ఆదివారమైనా ఆయన నిద్రపోలేదు.

సాయంత్రం నాలుగింటికి అంకం 34. అనంతశయనం గారికి చేరిపోయింది. పూచీ పోయింది.

6. జూన్ 17, మంగళవారం

ఆ మాట ఫోనులో చెప్పలేక మెరకవలస వెళ్ళాను. లచ్చుమయ్య అరుగు మీద ఒక పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. చూడకుండానే ఒక్కో బోల్టునూ వేళ్ళతో తడిమి, ఒకదాని పక్కన ఒకటి వరసగా పెడుతున్నాడు. నా అడుగుల చప్పుడు విని తలెత్తాడు.

"ఎవులు?"

"మంగవేణినండి. ఆఫీసునుంచి."

సూరమ్మ చేపలు తోముతూ లేచి వచ్చింది. పూచీ సంగతీ, నా విహారం సంగతీ, 34 సంగతీ దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, "అయ్యో, మా కోసం ఎల్లి మీరు తగువులాడుకున్నారేటమ్మా" అంది.

లచ్చుమయ్య చేతిలో బోల్టు తిప్పుతూ, "ఆ గదిలో కిటికీ ఏ పక్కనుంటాది?" అని అడిగాడు.

నాకు తెలియదు. తొమ్మిదేళ్ళలో ఒక్క జంటనూ అక్కడికి పంపలేదు కనుక ఒంటరి గది ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. కనుక్కుని వస్తానన్నాను.

7. జూలై 2, బుధవారం

నిన్న వాళ్ళను మార్చారు. లచ్చుమయ్యకు తూర్పు బ్లాకు, సూరమ్మకు పడమటి బ్లాకు. మధ్యలో నాలుగు కిలోమీటర్లు. ఉంగరాలు తీసేసుకున్నారు. కొత్త జోడీ కుదిరేదాకా పాత మనిషిని కలవకూడదు.

గది అప్పగించే ముందు సామాను సర్దడానికి అరగంట ఇస్తారు. సూరమ్మ ఆ అరగంటా మొగుణ్ణి గదిలో తిప్పింది. సామాను మూట కూడా విప్పలేదు.

"తలుపునించి మంచానికి ఐదడుగులు. ఏటి, ఆరడుగులేశావు? మళ్ళీ నడు. మంచంనించి కుళాయికి మూడు. కిటికీ కుడి పక్క. పొయ్యి ముట్టుకోకు. భోజనం గంట కొడితే గోడ పట్టుకుని ఎల్లు, పన్నెండు గుమ్మాలు. లెక్క తప్పితే ఎవుల్నీ అడక్కు, ఎనక్కొచ్చి మళ్ళీ లెక్కపెట్టు."

గుమ్మంలో ఉన్న గుమాస్తా నాతో, "అబ్బ, ఎంత సతాయిస్తోందండీ. పాపం, ఈయన ప్రాణం హాయిగా ఉంటుందిక" అన్నాడు.

అరగంట అయిందని గంట మోగింది. సూరమ్మ గుమ్మం దాటింది. లచ్చుమయ్య ఆమె వెళ్ళిన వైపు కాకుండా కిటికీ వైపు తిరిగి, "ఎల్లిపోయిందా?" అని అడిగాడు. వెళ్ళిపోయిందని చెప్పాను.

8. జూలై 11, శుక్రవారం

ఒంటరి గదుల వాళ్ళు నెలలోపల కొత్త జోడీ కోసం దరఖాస్తు పెట్టాలి. నలభై ప్రశ్నలుంటాయి. ఆ దరఖాస్తు చదవడం లచ్చుమయ్యకు కుదరదు, ఎవరినైనా చదవమని అడిగితే సంగతి బయటపడుతుంది. నేను సెలవు పెట్టి వెళ్ళాను.

మనిషి చిక్కిపోయాడు. పది రోజుల్లో భోజనానికి తప్ప గది దాటలేదట. ప్రశ్నలు చదువుతూ, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను.

"మీకు ఎలాంటి తోడు కావాలి?"

"నోరున్న మడిసి కావాల."

"మీకు నచ్చని గుణం?"

"మాటాడకుండా కూకోడం."

"నడకకు వెళ్ళేటప్పుడు తోడు ఎక్కడ ఉంటే మీకిష్టం?"

"ముందు. ఒక్కడుగు ముందు."

ఆరోగ్యం గురించిన ప్రశ్నకు, "నాకేటి, బాగానే ఉన్నాను" అన్నాడు. అదే రాశాను. నా ఉద్యోగంలో మొదటి అబద్ధం ఇది కాదు కాని, ఎవరికైనా పనికొచ్చే మొదటి అబద్ధం ఇదే కావచ్చు.

మధ్యాహ్నం పడమటి బ్లాకుకు వెళ్ళాను. సూరమ్మ తన దరఖాస్తు అప్పటికే ఇచ్చేసింది. ఏం రాశారని అడిగాను.

"ఎలాటోడు కావాలంటే, నాను తిడితే తిరిగి తిట్టేవోడు కావాలని రాశానమ్మా. తిట్టినా సెప్పిన పక్కకే నడిసేవోడు. అలాటోడు ఇంకెక్కడున్నాడు? దొరక్కపోతే నన్ను ఇలాగే వొగ్గెయ్యమని రాశాను."

9. జూలై 18, శుక్రవారం

అనంతశయనం గారు తన గదిలోంచి నా బల్ల దాకా నడిచి వచ్చారు. ఆయన నడవడం నేను చూడటం ఇది రెండోసారి.

"మంగవేణి గారూ, అద్భుతం! సయోధ్య ఈ ఏడాదిలోకెల్లా గొప్ప జోడీ కనిపెట్టింది. తొంభై ఏడు శాతం పొందిక! తూర్పు బ్లాకు ఆయన, పడమటి బ్లాకు ఆవిడ. ఒకరికోసం ఒకరు పుట్టినట్టున్నారు. తొలి పరిచయ విహారం మీరే రాయాలి."

ఫైలు తెరిచాను. కిల్లి లచ్చుమయ్య. కిల్లి సూరమ్మ.

పాత కాపురం కొత్త జోడీకి అడ్డు రాకూడదని, విడిపోయిన రోజే సయోధ్య పాత వివరాలన్నీ తుడిచేస్తుంది. దాని దృష్టిలో వీళ్ళు ముక్కూ మొహం తెలియని మనుషులు.

"ఇంటిపేరు కూడా ఒకటే, చూశారా!" అన్నారు అనంతశయనం గారు మురిసిపోతూ. "ఎంత యాదృచ్ఛికం!"

ఆయనకు నిజంగా గుర్తు లేదా, గుర్తులేనట్టు ఉంటున్నారా అని మొహంలోకి చూశాను. తెలియలేదు. తొలి పరిచయం నియమావళి తీసుకుని చదవడం మొదలుపెట్టాను. అది వేరే కమిటీ రాసిన పుస్తకం. అందులో కఠిన వాక్యాన్ని "చనువు" అంటారు. ఒక్కో దానికి ఒకటిన్నర అంకం. కొత్త జంట హోదా ఐదేళ్ళు ఉంటుంది.

10. జూలై 24, గురువారం

రేవు ఎదుట బెంచీ దగ్గర ఉదయం తొమ్మిదింటికి తొలి పరిచయం. లచ్చుమయ్యను నేను తీసుకొచ్చి కూర్చోబెట్టాను. సయోధ్య ఎవరిని ఎంచిందో ఆయనకు చెప్పలేదు. ముందే చెప్పడం నిషేధం, పైగా బెంచీ మీద కెమెరా ఉంది. కొత్త ఉంగరం తిప్పుకుంటూ, "ఎవులో ఏటో. తొందరగా కానిచ్చెయ్యండమ్మా, గదికి పోతాను" అన్నాడు.

సూరమ్మ అటునుంచి వచ్చింది. పది గజాల దూరంలో ఆగిపోయింది. ఆమెకూ తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కెమెరా వైపు చూసి, నా వైపు చూసి, తర్వాత గొంతు సవరించుకుంది.

"ఏటయ్యా, సొక్కా తిరగేసి తొడుక్కున్నావు? అద్దం లేదేటి మీ బ్లాకులో?"

లచ్చుమయ్య మెడ ఆ గొంతు వైపు తిరిగింది. ఏం మాట్లాడతాడోనని నేను కెమెరా వైపు చూశాను.

"నా సొక్కా నా ఇష్టం" అన్నాడు చివరికి. "నువ్వెవులు సెప్పడానికి?"

ఉంగరాలు నీలంగా వెలిగాయి. చనువు, రెండు.

"లే. సెయ్యియ్యి. ముందు గట్టుంది, కాలెత్తు. ఎంత సిక్కిపోయావు, తిండి పెట్టలేదేటి? అటు కాదు, ఇటు, ఇటు!"

"వొస్తన్నాను కదే! అరవకు."

రేవు గట్టు పొడుగునా నడిచారు. ఆమె ఒక్కడుగు ముందు, ఆయన వెనక. మధ్యాహ్నానికి అంకం 88. సాయంత్రానికి 96. శాఖ చరిత్రలో తొలి పరిచయానికి ఇంత ఎప్పుడూ రాలేదు. అనంతశయనం గారు స్వయంగా వచ్చి పూలగుత్తి ఇచ్చి, కొత్త జంటకు ఇల్లు చూపే పటం తెరిచారు.

"మెరకవలసలో ఒక ఇల్లుందండి. ఈ నెలలోనే ఖాళీ అయింది. మీకు ఇష్టమేనా?"

సూరమ్మ తల అడ్డంగా ఊపుతూ ఆలోచించింది. "ముందున్నోళ్ళు ఎలాగ ఉంచారో ఏటో. అరుగుంటాదా?"

"ఉందండి. పెద్ద అరుగు."

"అయితే సూస్తాం" అంది సూరమ్మ.

11. ఆగస్టు 3, ఆదివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర పైడిరాజుకు కిల్లి వారి కథంతా చెప్పాను. జూన్‌లో ఇద్దరం మాటసాయం మానేశాక ఇలా ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవడం అలవాటవుతోంది. రోజుకు నాలుగు సందేశాల బదులు ఇప్పుడు ఒకటే వస్తుంది, అదీ తప్పులతో. మా అంకం 34 దగ్గర మొదలై నిన్నటికి 30కి దిగింది. ఇంకా రెండేళ్ళు ఇలాగే ఉంటే మాకూ చెరో గది.

కథ అయ్యాక నాకు తోచిన ఉపాయం చెప్పాను. "మనమూ అదే చేద్దాం. ఇష్టపూర్వకంగా విడిపోతామని ఇప్పుడే దరఖాస్తు పెడదాం. నెల రోజులు చెరో గదిలో ఉంటాం. తర్వాత కొత్త జంట అవుతాం. ఐదేళ్ళు ఎంత పోట్లాడుకున్నా అంకాలే అంకాలు. నా బల్ల సొరుగులో ఫారాలు కూడా ఉన్నాయి."

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"వాళ్ళకి తొంభై ఏడొచ్చింది, సరే. అది మనిద్దర్నీ కలపకపోతే?"

సయోధ్య అడిగే నలభై ప్రశ్నలూ ఒక్కొక్కటే మనసులో చదువుకుంటూ, వాటికి ఈయన ఏం చెబుతాడో ఊహించబోయాను. మూడో ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, ఈ మనిషికి నడకలో తోడు ముందుండాలో, పక్కన ఉండాలో నాకు తెలియదు.

"మీరు నడిచేటప్పుడు నేను ఎటు ఉంటే మీకిష్టం?" అని అడిగాను.

"ఎప్పుడు నడిచాం?" అన్నాడు.

చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని, ఇద్దరం ఎండలోనే బయలుదేరాం. ఎటు వెళ్ళాలో నేను రాసిపెట్టలేదు. వీధి చివరకు చేరేలోపు, ఎడమకు తిరగాలా కుడికి తిరగాలా అన్న దగ్గర మొదలైంది తగువు. రెండంకాలు పోయాయి.